గెజిటెడ్ కన్నీరు

పల్లాలమ్మ చేసిన తప్పు ఒక్కటే. పెద్దాఫీసరు అడిగిన ప్రశ్నకు ఉన్నది ఉన్నట్టు జవాబు చెప్పింది. గవర్నమెంటు పనిలో ఇరవై రెండేళ్ళు నలిగి కూడా ఆ మాత్రం లోకజ్ఞానం రాకపోవడం ఆమె ఖర్మ.

గోదావరి గట్టుకి కూతవేటు దూరంలో ఉన్న ప్రభుత్వ పుష్ప పరిశోధనా క్షేత్రంలో ఆమె దుంపల గోదాము చూసేది. కాగితాల మీద ఆ గోదాముకి ఒక ఇన్‌చార్జి, ఒక డిప్యూటీ ఇన్‌చార్జి, ఇద్దరు సహాయకులు ఉన్నారు. ఆ నలుగురిలో ఒక్కరూ గోదాము తలుపు లోపలికి తెరుచుకుంటుందో బయటికి తెరుచుకుంటుందో చూసిన పాపాన పోలేదు. పనంతా పల్లాలమ్మది, ఆమె పేరు మాత్రం దినకూలీల మస్టరులో తప్ప ఇంకెక్కడా లేదు.

ఏటా ఎండలు ముదిరే వేళకి లిల్లీ దుంపలు తవ్వించేది. మట్టి దులిపి, నీడన ఆరబెట్టి, గోదాములో వెదురు తడికల మీద అరలు అరలుగా పరిచేది. మృగశిర కార్తె ఇంకో పదిహేను రోజులుందనగా మూడు సాయంత్రాలు వాటికి పొగ వేసేది. పెద్ద ఏర్పాటేమీ కాదు. ఒక మట్టి మూకుడు, అందులో నాలుగు నిప్పులు, పైన గుప్పెడు ఊక, తడి వరిగడ్డి. ఆమె చిన్నతనంలో వాళ్ళమ్మ పొయ్యి పైనున్న అటక మీద దుంపలు దాచేది. వాడలో అందరికంటే ముందు ఆ ఇంటి ముందరే లిల్లీలు పూసేవి. అటక మీద పొగ తప్ప ఏముంది? ఆమె చదివిన శాస్త్రమంతా అదే.

పొగ ఎంత వెయ్యాలి అన్నదానికి ఆమె దగ్గర గడియారం లేదు. గుమ్మంలో నిలబడి లోపలికి తొంగిచూసేది. కళ్ళు చెమ్మగిల్లబోతున్నాయి అనిపించగానే మూకుడు మీద తడి గోనె కప్పేసేది. అంతే. ఆ దుంపలు నాటితే మిగతా తోటలకంటే మూడు వారాలు ముందు కాడ వేసేవి.

ఆ ఏడు శ్రావణంలో గోదావరికి వచ్చిన వరద ఏటి మధ్యనున్న లంకను ముంచి పన్నెండు రోజులు కదలలేదు. లంకలో ముప్పై కుటుంబాలు లిల్లీ మీదే బతుకుతాయి. నీళ్ళు తీసేసరికి చేలో దుంపన్నది మిగల్లేదు. సన్నకాడ, సాయంత్రం కోసినా మర్నాటికి వాడని పువ్వు, ఆ లంక రకం ఇక క్షేత్రంలో తప్ప ఎక్కడా లేదు. ఇరవై ఏళ్ళ కిందట ఆ లంక నుంచే దోసెడు దుంపలు తెచ్చి క్షేత్రంలో పెంచింది పల్లాలమ్మే.

లంక రైతు లోవరాజు పడవ దిగి నేరుగా ఆమె దగ్గరికే వచ్చాడు.

"అక్కా, ఆఫీసులో అర్జీ పెట్టానే. మృగశిరకి దుంపలిత్తామన్నారు. ఆళ్ళ మాట నాకు నమ్మకం లేదు. నువ్వు చెప్పు."

"ఇత్తార్రా. నా చేతుల్తో పెంచి, నా చేతుల్తో తట్టలకెత్తుతాను. నీకెందుకు, ఎల్లు" అంది పల్లాలమ్మ. అలా మాటిచ్చింది. అక్కడి నుంచీ ఆ గోదాములో ఉన్నవి ఆమెకు ప్రభుత్వ దుంపలు కావు, ముప్పై ఇళ్ళ పొయ్యిలు.

దసరా ముందు జాయింట్ డైరెక్టర్ డాక్టర్ నిగమానందం గారు క్షేత్రాన్ని తనిఖీ చేయడానికి వచ్చారు. ఆయనకు పూలంటే ప్రాణం. ముఖ్యంగా దండలుగా ఉన్నప్పుడు. చుట్టుపక్కల తోటలన్నీ పచ్చటి ఆకులతో ఉంటే, క్షేత్రంలో లిల్లీలు తెల్లగా విరగబూసి ఉండటం చూసి ఆయన కారు ఆపించారు. పక్కనే సూపరింటెండెంట్ శోభనాద్రి చేతులు కట్టుకు నిలబడ్డాడు. శోభనాద్రికి ముప్పై ఏళ్ళ సర్వీసు. అందులో మట్టి తొక్కింది ఒక్కసారే, అదీ చెప్పు తెగినప్పుడు.

"ఈ అకాల పుష్పోద్గమనానికి హేతువేమిటి?" అన్నారు జేడీ గారు.

శోభనాద్రి వాళ్ళ వైపూ వీళ్ళ వైపూ చూశాడు. కలుపు తీస్తున్న పల్లాలమ్మ లేచి, కొంగు దులుపుకుని చెప్పేసింది.

"పొగేత్తానండి."

"పొగా?"

"ఆయ్. నాటే ముందు మూడు సాయంత్రాలు. పొగ తగిల్తే దుంపకి మెలకువొత్తాదండి."

"పరిమాణం? ఎంత పొగ?"

"కళ్ళంట నీళ్ళు రాబోయే ముందు ఆపేత్తానండి."

జేడీ గారు జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నారు. పల్లాలమ్మ మళ్ళీ కూర్చుని కలుపు తీసుకుంది. ఆ పుస్తకంలో పడినది ఏదైనా ప్రాణాలతో బయటపడటం కష్టమని ఆమెకు అప్పటికి తెలియదు.

నెల తిరిగేసరికి పొగ అనే మాట ఆఫీసులో అందరూ వాడటం మానేశారు. దాని పేరు ‘ధూమప్రేరిత పుష్పోద్దీపనం’. దానికో పథకం, పథకానికో చిహ్నం, చిహ్నంలో పొగలోంచి నవ్వుతున్న లిల్లీ. తొమ్మిదిమంది సభ్యులతో ప్రామాణీకరణ సంఘం వేశారు. ఆ తొమ్మిదిమందీ తొమ్మిదిసార్లు కూర్చున్నారు, తొమ్మిదిసార్లూ చల్లటి హాల్లోనే కూర్చున్నారు. గోదాము చూద్దామని ఒకాయన అన్నాడు గానీ, దారిలో బురద ఉందని తెలిసి ఆ సూచనను వెనక్కి తీసుకున్నాడు.

సంఘానికి ఎదురైన చిక్కు ఒక్కటే. పొగ ఎప్పుడు ఆపాలి? కన్నీరు రాబోయే ముందు ఆపాలన్నది ఆమె చెప్పిన మాట. రాబోయే కన్నీటికి సర్టిఫికెట్ ఇవ్వడం కుదరదని లెక్కల విభాగం నుంచి వచ్చిన సభ్యుడు అడ్డం తిరిగాడు. వచ్చిన కన్నీటికైతే ఇవ్వొచ్చు, సాక్షి సంతకం కూడా తీసుకోవచ్చు అన్నాడు. అందరికీ సబబుగా తోచింది. చివరికి నివేదికలో ఇలా రాశారు:

‘పర్యవేక్షించు వ్యక్తి నేత్రమునందు జలము ఉద్భవించుటయే ధూమ పరిమాణమునకు సూచికగా సంఘము నిర్ధారించడమైనది. అయితే ప్రభుత్వ ఆస్తికి సంబంధించిన నిర్ణయము దినకూలీ నేత్రముపై ఆధారపడుట పరిపాలనా మర్యాదకు భంగకరము. సదరు దినకూలీ కుడికంటికి శుక్లము ఆపరేషను జరిగినట్లు కూడా సంఘము దృష్టికి వచ్చినది. కావున ఇకమీదట గెజిటెడ్ అధికారి కంట నీరు కనబడిన పిమ్మట మాత్రమే పొగ నిలుపుదల చేయవలెను. అంతవరకు పొగ నిరాటంకముగా కొనసాగవలెను.’

ఆ క్షేత్రానికి సంబంధించి గెజిటెడ్ అధికారి ఒక్కరే ఉన్నారు. నిగమానందం గారు. తన కళ్ళను రాష్ట్రానికి అంకితం చేస్తున్నానని ఆయన విలేఖరుల సమావేశంలో ప్రకటించారు.

వేసవిలో పొగ వారోత్సవాలు జరిగాయి. స్కూలు పిల్లల చేత ‘పొగ పెడదాం, పూలు పూయిద్దాం’ అని అరిపిస్తూ ఊరేగింపు తీశారు. అదే రోజు అదే రోడ్డు మీద ఎదురుగా ఇంకో స్కూలు పిల్లలు ‘పొగ మానండి, ప్రాణాలు కాపాడండి’ అంటూ ఇంకో శాఖవారి ఊరేగింపులో వచ్చారు. సెంటర్లో రెండు ఊరేగింపులూ కలిసిపోయి, ఎండకి పిల్లలు ఏ అరుపు ఎవరిదో మరిచిపోయారు. రెండు శాఖలూ తమ కార్యక్రమం దిగ్విజయమైందని పై ఆఫీసుకు రాసుకున్నాయి.

అన్నీ అయి గోదాములో ముహూర్తం కుదిరింది. తలుపుకి రిబ్బను కట్టారు. పల్లాలమ్మ మట్టి మూకుడు స్థానంలో ఇనప పీపాలు నాలుగు దిగాయి. వాటి కింద కర్రలు, పైన గడ్డి మోపులు.

"బాబూ, ఇన్ని వద్దండి. ఇది దుంపల కాడ పొగండి, ఇటుకల బట్టీ కాదు" అంది పల్లాలమ్మ శోభనాద్రితో.

"అమ్మా, నువ్వు అనుభవంతో మాట్లాడుతున్నావు. ఇది అనుభవం స్థాయి దాటిపోయింది" అన్నాడు శోభనాద్రి.

జేడీ గారు రిబ్బను కత్తిరించి, నిప్పు అంటించి, గుమ్మంలో ఠీవిగా నిలబడ్డారు. పొగ గుప్పుమంది. ఫొటోగ్రాఫరు దగ్గుతూ పారిపోయాడు. శోభనాద్రి కళ్ళ వెంట నీళ్ళు ధారలు కట్టాయి గానీ అవి లెక్కలోకి రావు. అతను ఒక చేత్తో ముఖం తుడుచుకుంటూ రెండో చేత్తో భూతద్దం పట్టుకుని జేడీ గారి కళ్ళలోకి చూశాడు. ఎడమ కన్ను పొడి. కుడి కన్ను పొడి. పావుగంట అయింది. జేడీ గారి ముక్కు కారింది, గొంతు పట్టేసింది. కళ్ళు మాత్రం ఎండాకాలం చెరువులా ఉన్నాయి.

అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు. రెండేళ్ళ కిందట కంటి డాక్టరు చెప్పాడు. పొద్దస్తమానం కంప్యూటరు చూసి చూసి కళ్ళు పొడిబారే జబ్బు పట్టిందట. ఆయన కంట నీరు అన్నది ఊరదు.

"ఈ సంగతి నివేదికలో లేదు" అన్నారు జేడీ గారు గంభీరంగా. "లేనిదాన్ని మనం పరిగణించకూడదు. పొగ కొనసాగనివ్వండి."

ఆపైన వీడియో కాన్ఫరెన్సు ఉందని కారెక్కి వెళ్ళిపోయారు. నాలుగు పీపాలకు నలుగురు కాపలాదారులను వేశారు. కంటి స్థితి, గాలి దిశ, పొగ రంగు గంటగంటకీ రాయడానికి ఒక రిజిస్టరు తెరిచారు. ఆ రిజిస్టరులో పదకొండు గళ్ళున్నాయి. దుంపలకు గడి లేదు.

మూడో రోజు పల్లాలమ్మ ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని లోపలికి వెళ్ళి పైఅరలోంచి నాలుగు దుంపలు తెచ్చింది. వేడికి పొర కమిలి ఉంది. శోభనాద్రి బల్ల మీద పెట్టింది.

"చూడండి బాబూ. ఇంకా ఆపకపోతే మొలక చచ్చిపోద్దండి."

"నేను చూడటం వల్ల ప్రయోజనం లేదమ్మా. నేను నాన్-గెజిటెడ్."

"పోనీ జేడీ గారికి ఉల్లిపాయ తరిగి పెట్టండి. నీళ్ళొత్తాయి కదా."

శోభనాద్రి మనసులో ఆ ఆలోచన అప్పటికే వచ్చింది. పై ఆఫీసుకు ఫోను చేసి అడిగాడు కూడా. ఉల్లిపాయ కన్నీరు వేరే పద్దు కింద వస్తుందని, పొగ వల్ల వచ్చిన కన్నీరే చెల్లుతుందని అక్కడివాళ్ళు చెప్పారు. కళ్ళలో చుక్కల మందు వేస్తే? అది కృత్రిమ నేత్రజలం, ఆడిట్‌లో పట్టుకుంటారు. రూలు మార్చితే? మార్చాల్సింది ప్రామాణీకరణ సంఘం. సంఘం తొమ్మిదిమందీ పొగ గురించి అధ్యయనం చేయడానికి మంచు కురిసే దేశానికి వెళ్ళారు. రావడానికి ఇంకా పన్నెండు రోజులు పడుతుంది.

"అంతదాకా?" అంది పల్లాలమ్మ.

"అంతదాకా నిరాటంకం."

జేడీ గారు రోజు విడిచి రోజు వచ్చి గుమ్మంలో నిలబడేవారు. ఆయన చిత్తశుద్ధిని శంకించడానికి లేదు. బాధ కలిగించే సంగతులు గుర్తు తెచ్చుకుంటే ఉపయోగం ఉంటుందేమోనని శోభనాద్రి సలహా ఇస్తే, ఆయన కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించి, తనకు రావలసిన ప్రమోషను మూడేళ్ళు ఆలస్యమైన సంగతి తలుచుకున్నారు. పెదవి వణికింది. కన్ను మాత్రం తడవలేదు.

ఎనిమిదో రోజు లోవరాజు పడవలో వచ్చాడు. దూరం నుంచే గోదాము పెంకుల సందుల్లోంచి లేస్తున్న పొగ చూసి తగలబడిపోతోందనుకుని పరుగెత్తుకొచ్చాడు.

"తగలబళ్ళేదురా. తగలబెడతన్నారు" అంది పల్లాలమ్మ.

పైరెండు అరల్లోని దుంపలు ఆమె కోసి చూపించింది. మొలక నల్లగా బొగ్గయిపోయింది. లోవరాజు ఆ ముక్కలు అరచేతిలో నలిపి చూశాడు.

"మా ఆడోళ్ళు గట్టు మీద మట్టి పనికెల్తన్నారక్కా" అన్నాడు. "మృగశిర వత్తే లిల్లీ ఏసుకుంటాం, ఇంకెన్నాళ్ళులే అనుకుంటన్నారు. ఆళ్ళకేం చెప్పమంటావు?"

ఇరవై రెండేళ్ళలో మొదటిసారి పల్లాలమ్మకు ఆ ఆఫీసు మీద అసహ్యం పుట్టింది. భయం పోయి అసహ్యం వస్తే మనిషికి చేతులాడతాయి. అయినా ఇంకో మూడు రోజులు ఓర్చుకుంది. పదకొండో రోజు పొద్దున్నే కాపలావాడు ఇంకో గడ్డి మోపు ఎత్తుకొస్తుంటే ఆమె ఇక ఆగలేదు. బోరింగు దగ్గర బిందె నింపుకుని వచ్చి మొదటి పీపాలో గుమ్మరించింది. మళ్ళీ వెళ్ళి రెండోదాంట్లో. కాపలావాళ్ళు అడ్డుపడలేదు. పదకొండు రోజులుగా వాళ్ళూ దగ్గుతున్నారు. నాలుగు పీపాలూ చల్లారాక తలుపులు బార్లా తీసి, గుమ్మంలో కూర్చుని ఏడ్చింది.

మధ్యాహ్నానికల్లా మెమో వచ్చింది. ‘ప్రభుత్వ ధూమమును అర్ధాంతరముగా, ఉద్దేశపూర్వకముగా ఆర్పిన నేరము’ అని. జేడీ గారే విచారణ జరిపారు.

"పొగ ఆర్పే సమయానికి నీ కంట నీరు ఉందా?"

"ఉందండి."

"ఏ కంట?"

"రెండు కళ్ళంటానండి."

"పొగ వల్ల వచ్చిందా, వేరే కారణమా?"

పల్లాలమ్మ ఆయన ముఖంలోకి చూసింది. "మిమ్మల్ని చూసి వచ్చిందండి."

ఆ జవాబుని ‘వేరే కారణం’ గడిలో రాసి, ఆమెను పనిలోంచి తీసేశారు. దినకూలీని తీసేయడానికి పెద్ద తతంగం అక్కర్లేదు. మర్నాడు మస్టరులో పేరు పిలవకపోతే సరిపోతుంది.

దుంపల సంగతి తేల్చవలసి వచ్చింది. పై అరలు పూర్తిగా పోయాయి. కింది రెండు అరల్లో ఉన్నవి బతికున్నాయి. పొగ పైకే పోతుంది కాబట్టి నేలకి దగ్గరగా ఉన్న తడికలకు తగలవలసినంతే తగిలింది. పల్లాలమ్మ మూకుడుతో వేసే పొగ ఎంతో, సరిగ్గా అంత. కానీ కన్నీరు లేకుండా ఆగిన పొగ రికార్డు ప్రకారం పూర్తి కాని పొగ. అలాంటివి రైతులకు ఇస్తే పథకం గణాంకాలు చెడిపోతాయి. వాటికి ‘అర్ధధూమిత కందములు’ అని పేరు పెట్టి, నాశనం చేయాలని జేడీ గారు ఉత్తర్వు ఇచ్చారు.

ఎలా నాశనం చేయాలి? కాలిస్తే పొగ వస్తుంది. ఆ పొగకు మంజూరు లేదు. నదిలో పారేస్తే ఇంకో శాఖ ఊరుకోదు. కాబట్టి భూమిలో పాతిపెట్టాలని తేల్చారు. అది శాస్త్రీయంగా జరగాలని నలుగురు నిపుణుల సలహా అడిగారు. నలుగురూ తలో మాట కలిపాక శోభనాద్రి ఆ ఉత్తర్వు పట్టుకుని గోదాము దగ్గరికొచ్చాడు. పాతిపెట్టే పనికి మనుషులు దొరక్క పల్లాలమ్మకే కబురు పెట్టారు. కాంట్రాక్టు మీద, మూడు రోజులకి. తీసేసినవాళ్ళను కాంట్రాక్టు మీద పిలవకూడదని రూలు ఎక్కడా లేదు.

శోభనాద్రి కళ్ళజోడు సవరించుకుని చదివాడు. "సదరు కందములను జనావాసములకు దూరముగా, నదీమధ్యమున గల మెత్తటి ఒండ్రు నేలయందు పాతిపెట్టవలెను. ఒకదాని కుళ్ళు మరొకదానికి సోకకుండుటకై ఒక్కొక్క కందమును జానెడు ఎడముగా ఉంచవలెను. లోతు నాలుగు అంగుళములకు మించరాదు, మించినచో గాలి సోకక కుళ్ళుట ఆలస్యమగును. త్వరితగతిన జీర్ణమగుటకై చివికిన పశువుల ఎరువు వేయవలెను. వారమునకు ఒకసారి నీరు పెట్టవలెను."

పడవల కోసమని పిలిపించిన లోవరాజు పల్లాలమ్మ వెనకే నిలబడి ఉన్నాడు. నవ్వొస్తుందేమోనని తలపాగా చెంగు నోట్లో కుక్కుకున్నాడు.

"ఎరువు కూడానాండి?" అంది పల్లాలమ్మ.

"రూలు రూలే. ఎరువు లేకుండా పాతినట్టు తెలిస్తే సహించేది లేదు."

"ఆయ్. అలాగేనండి. కుళ్ళిపోయేదాకా దగ్గరుండి చూసుకుంటామండి."

ఉద్యాన శాఖలో ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి ఆ మాటకు సంతృప్తిగా తలూపి, ఆఫీసుకు వెళ్ళిపోయాడు. నాలుగు పడవల నిండా దుంపలు మృగశిర తొలకరికి లంక చేరాయి. ముప్పై కుటుంబాల ఆడవాళ్ళూ చేలో వంగి, జానెడు జానెడు ఎడంగా, నాలుగు అంగుళాలు మించకుండా, ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం వాటిని నాశనం చేశారు. అందులో ఒక్క అక్షరం తప్పలేదు. పల్లాలమ్మ కూడా లంకలోనే ఉండిపోయి, చేలల్లో కూలికి వెళ్ళసాగింది.

ఆ ఏడు గోదావరి దయ తలచింది. దసరా ఇంకా ఇరవై రోజులుందనగా లంకంతా తెల్లగా పూసింది. అంత ముందుగా జిల్లాలో ఎక్కడా పూయలేదు. పూలబజారులో లంక లిల్లీ అంటే ఎగబడ్డారు. ఆ సంగతి పేపర్లో పడింది. పేపరు నిగమానందం గారి బల్ల మీద పడింది.

ఆయన లాంచీలో వచ్చారు. శోభనాద్రి వెనకాల ఫైలు పట్టుకుని దిగాడు. గట్టు మీదే పల్లాలమ్మను, లోవరాజును పిలిపించారు.

"చాలా తీవ్రమైన పరిస్థితి" అన్నారు జేడీ గారు పూల వైపు చూస్తూ. "నాశనమైనట్టు రికార్డులో ఉన్న ప్రభుత్వ ఆస్తి ప్రాణాలతో ఉంది. రికార్డు తప్పు కావడానికి వీల్లేదు. కాబట్టి ఈ మొక్కలన్నీ పీకించి, ఉత్తర్వుని సక్రమంగా అమలు చేయవలసి ఉంటుంది."

"అదేంటండీ, పీకేత్తే మేం చచ్చిపోతామండి" అన్నాడు లోవరాజు.

"ఇంకో మార్గం కూడా ఉంది." జేడీ గారి గొంతు మెత్తబడింది. "ఇవి నాశనం కోసం పంపినవి కావు, మా పథకం కింద ప్రదర్శన సాగు కోసం పంపినవి అని మార్చవచ్చు. పదకొండు రోజుల నిరాటంక ధూమం వల్లనే ఈ అద్భుతం జరిగిందని, మొదట్నుంచీ గోదాము చూసిన మనిషి వాంగ్మూలం ఇస్తే చాలు. శోభనాద్రి గారూ, కాగితం తీయండి."

శోభనాద్రి కాగితం, పెన్ను తీశాడు. "పల్లాలమ్మ గారూ, ఇక్కడండి" అన్నాడు. ఇరవై రెండేళ్ళలో ఆమెను ‘గారూ’ అన్నది అదే మొదటిసారి.

"పదకొండు రోజుల పొగేసినయ్యి అన్నీ చచ్చిపోయాయి కదండి" అంది పల్లాలమ్మ. "ఇయ్యి ఆ పొగ తప్పించుకున్నయ్యండి. మీకూ తెలుసు కదండి."

"నాకు తెలిసింది ముఖ్యం కాదమ్మా. కాగితానికి ఏం తెలుస్తుందన్నదే ముఖ్యం."

చేలో ఆడవాళ్ళు పూలు కోయడం ఆపి ఇటే చూస్తున్నారు. లోవరాజు ఆమె ముఖం చూడలేక తల దించుకున్నాడు. పెట్టమనీ అనలేదు, వద్దనీ అనలేదు. పల్లాలమ్మ చేలోని ఆడవాళ్ళ వైపు చూసింది. ఆ కాగితంలో ఉన్నది పచ్చి అబద్ధం. పెన్ను తీసుకుని, నేర్చుకున్న నాలుగక్షరాలూ కూడబలుక్కుని సంతకం పెట్టింది.

జేడీ గారు ఆ సంతకం మీద చెయ్యి ఊపుతూ సిరా ఆరేదాకా అక్కడే ఉన్నారు. వెళ్తూ వెళ్తూ రెండు బుట్టల పూలు లాంచీలో పెట్టించుకున్నారు.

వాంగ్మూలం ఆమె ఫొటోతో సహా అచ్చయింది. మంచుదేశం నుంచి ఎప్పుడో తిరిగొచ్చిన సంఘం దానిని చూసి, పదకొండు రోజుల నిరాటంక ధూమం తమ సిఫార్సు ఫలితమేనని తీర్మానించింది. నిగమానందం గారికి రావలసిన ప్రమోషను వచ్చింది. వచ్చే వేసవికల్లా రాష్ట్రంలో దుంపల గోదాములన్నిటికీ ఇనప పీపాలు, గడ్డి మోపులు చేరాయి. ఈసారి గెజిటెడ్ కన్ను అవసరం కూడా లేకుండా చేశారు. పదకొండు రోజులు, అంతే. ప్రతి గోదాము గోడకీ పల్లాలమ్మ సంతకం ఉన్న కాగితం అద్దంలో పెట్టి తగిలించారు.

వైశాఖం చివర్లో ఒక మధ్యాహ్నం లోవరాజు బజారు నుంచి ఆ వార్త తెచ్చాడు. ఎగువన మూడు జిల్లాల గోదాముల్లో లిల్లీ దుంపలన్నీ బొగ్గయిపోయాయట. లంకలో మాత్రం ఎవరి దుంపలు వాళ్ళ అటకల మీద భద్రంగా ఉన్నాయి. అతను సంతోషంగానే చెప్పాడు. ఈ ఏడు లంక పువ్వుకి పోటీ ఉండదు, మంచి ధర పలుకుతుంది అన్నాడు.

పల్లాలమ్మ తింటున్న అన్నం కంచం పక్కకి జరిపింది.

"ఆటిని నేనే చంపానురా."

"నువ్వెందుకు చంపుతావక్కా? ఆ ఆఫీసోళ్ళు చంపారు. నువ్వు సంతకం పెట్టకపోతే మన ముప్పై ఇళ్ళూ ఏమైపోయేవి?"

"మన ముప్పై ఇళ్ళ కోసమే పెట్టానురా. కాదన్ను" అంది పల్లాలమ్మ. "ఆ ఊళ్ళల్లోనూ ముప్పై ఇళ్ళు ఉంటాయి కదరా."

లోవరాజు ఖాళీ పూలబుట్ట చంకన పెట్టుకుని రేవు వైపు నడిచాడు.